సీసా మీద రాసింది కాలేయం చదవదు

మొన్న సంక్రాంతి మర్నాడు, ఇంకా పూర్తిగా తెల్లవారకముందే, సత్తుపల్లిలో మా ఆసుపత్రికి రిటైరైన మాస్టారొకరిని ఆటోలో తీసుకొచ్చారు. ఒళ్లంతా చెమట. మాట తడబడుతోంది. అడిగినదానికీ చెప్పేదానికీ పొంతన లేదు.

"నాన్నగారికి అలవాటు లేదండీ. రాత్రి రెండు గ్లాసులు వైను తీసుకున్నారు. ఆ మత్తే ఇంకా దిగలేదు. పడుకుంటే సర్దుకుంటుందనుకున్నాం" అన్నాడు కాలిఫోర్నియా నుంచి పండగకు వచ్చిన కొడుకు.

వేలికొన నుంచి చుక్క రక్తం తీసి చూస్తే షుగరు 42 వుంది. 70 కంటే తగ్గితేనే జాగ్రత్త పడాలి. నరంలోకి గ్లూకోజు ఎక్కించిన కొద్ది నిమిషాలకే మాస్టారు కళ్లు తెరిచి "కాఫీ అయిందా?" అన్నారు. మత్తు అంత త్వరగా దిగదు. అది మత్తు కాదు, రక్తంలో చక్కెర పడిపోవడం. ఇంకాసేపు పడుకోనిచ్చి వుంటే మెదడు దెబ్బతినేది, ప్రాణమే పోయేదేమో కూడా.

ఇంతకీ జరిగిందేమిటి? మాస్టారు పదేళ్లుగా మధుమేహానికి గ్లిమిపిరైడ్ బిళ్ళ వేసుకుంటున్నారు. పండగనాడు మధ్యాహ్నం భోజనం భారీగా అయింది. రాత్రి బిళ్ళ వేసుకున్నారు గాని, కడుపు బరువుగా వుందని అన్నం మానేశారు. ఆ పైన వైను తాగారు. మనం తిననప్పుడు దాచుకున్న చక్కెరను కొంతా, కొత్తగా తయారు చేసి కొంతా రక్తంలోకి వదిలేది కాలేయం. ఒంట్లోకి ఆల్కహాలు వస్తే అది కొత్త చక్కెర తయారు చేయలేదు. ఒకవైపు బిళ్ళ చక్కెరను దించుతుంది, మరోవైపు కాలేయం అందించదు. ఇక షుగరు పడిపోక ఏమవుతుంది?

పాపం, ఆ అబ్బాయి తెచ్చింది నాసిరకం సరుకేమీ కాదు. ఒక కుటుంబం తమ చిన్న ద్రాక్షతోటలో, పురుగుమందులు చల్లకుండా, కలుపును గొర్రెల చేత మేపించి పండించిన ద్రాక్షతో చేసిన ఎర్ర వైను. అలాంటి సేద్యం నేలకూ నీటికీ పనివాళ్లకూ మేలే, కాదనను. కాని ద్రాక్షలోని చక్కెర పులిస్తే వచ్చేది ఆల్కహాలే. తోట ఎంత స్వచ్ఛమైనదైనా సీసాలోని ఆల్కహాలు మారదు.

"ఎర్ర వైను గుండెకు మంచిదటగా?" అని మీరడగవచ్చు. 1991లో అమెరికా టెలివిజన్‌లో వచ్చిన ఒక కార్యక్రమంతో ఈ మాట బాగా పాకింది. కొవ్వు తినే ఫ్రెంచివారికి గుండెజబ్బులు తక్కువని, అందుకు వైను కారణం కావచ్చని అన్నారు. తరువాత లోతుగా చూస్తే లెక్కలో లొసుగు కనబడింది. తాగనివారి జాబితాలో, జబ్బుచేసి తాగుడు మానినవారు కూడా కలిసిపోయారు. అందుకే తాగేవారు వారికంటే ఆరోగ్యవంతులుగా కనిపించారు. వైనులో రెస్వెరట్రాల్ అనే పదార్థం వున్నమాట నిజమే గాని, లీటరుకు కొద్ది మిల్లీగ్రాములే. ద్రాక్షపండు, వేరుశనగ తిన్నా అది కొంత దొరుకుతుంది. 1988లోనే ఆల్కహాలు పానీయాలను క్యాన్సరు కారకాలుగా నిర్ధారించారు. ఇంత తాగితే హాని లేదని చెప్పగల మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో ప్రకటించింది.

కోలుకున్నాక మాస్టారు నన్నొక ప్రశ్న అడిగారు. "డాక్టరు గారూ, దమ్మపేట దగ్గర మా బావమరిది తోటలో జీలుగు చెట్లున్నాయి. మందూ మాకూ కలపని కల్లు. అదైతే ఫరవాలేదా?"

మన ప్రాంతంలో చాలామంది మనసులో వున్న ప్రశ్నే ఇది. పట్టణాల్లో కొన్నిచోట్ల క్లోరల్ హైడ్రేటు, నిద్రమాత్రలు కలిపి అమ్మే కల్లు కంటే చెట్టు కల్లు మెరుగన్నది నిజం. కాని చెట్టు నుంచి దిగిన తీపినీరు కుండలోనే పులియడం మొదలవుతుంది. పొద్దెక్కేకొద్దీ ఘాటెక్కుతుంది. లెక్క చూడండి: నూటికి 13 పాళ్ల ఆల్కహాలున్న వైను 150 మిల్లీలీటర్లలో సుమారు 15 గ్రాముల ఆల్కహాలుంటుంది. నూటికి 5 పాళ్లున్న కల్లు 650 మిల్లీలీటర్ల సీసాలో సుమారు 26 గ్రాములు! సున్నం పూసిన కుండలో పులియకుండా పట్టిన నీరాలో మత్తు లేదు గాని, చక్కెర వుంది. మధుమేహం వున్నవారికి అదీ తగదు.

కాబట్టి ఇంట్లో మధుమేహానికి బిళ్ళలు, ఇన్సులిన్ వాడేవారుంటే ఈ నాలుగు మాటలు గుర్తుంచుకోండి.

1. కల్లుగాని వైనుగాని మానడమే మేలు. పరగడుపున, లేదా భోజనం మాని తాగడం అన్నిటికంటే ప్రమాదం.

2. తాగిన మనిషి చెమటలు పట్టి, వణుకుతూ, తికమకగా మాట్లాడితే "నిషా" అని వదిలేయకండి. షుగరు పరీక్ష చేయండి. మింగగలిగితే మూడు నాలుగు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, తరువాత అన్నం పెట్టండి.

3. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయండి. తేరుకున్నా ఆసుపత్రికి రావాలి. ఈ బిళ్ళల ప్రభావం వల్ల షుగరు మళ్లీ పడిపోవచ్చు.

4. రోజూ తాగే అలవాటున్నవారు ఒక్కసారిగా మానితే వణుకు, మూర్ఛలు రావచ్చు. డాక్టరు సలహాతో మానండి.

మాస్టారిని ఒక రోజంతా వుంచుకుని పంపించాం. కొడుకు వెళ్తూ వెళ్తూ, "మిగిలిన వైను ఏం చేయమంటారు?" అని అడిగాడు. పారబోయమన్నాను. వచ్చే పండక్కి తండ్రికి షుగరు చూసుకునే యంత్రం తెమ్మన్నాను.