పెరటితోటకు ఏ పుస్తకము?

2023వ సంవత్సరము ఆగస్టు మాసమున న్యూయార్కు నగరమునందలి శిలీంధ్రాధ్యయన సంఘమువారు ఒక హెచ్చరికను వెలువరించిరి. తినదగిన పుట్టగొడుగులను గుర్తించు విధానమును బోధించెదమని చెప్పుకొను కొన్ని పుస్తకములు అమెజాన్ అంగడిలో అమ్మకమునకు వచ్చినవి. అవి మనుష్యులు వ్రాసినవి కాక కృత్రిమ మేధ అల్లినవిగా కనబడుచున్నవనియు, పేరు తెలిసిన రచయితల పుస్తకములను మాత్రమే కొనవలసినదనియు ఆ హెచ్చరిక సారాంశము. మరుసటి నెలలో ఆ సంస్థ ఒక నిబంధన విధించినది: స్వయముగా ప్రచురించుకొను రచయిత ఎవరైనను దినమునకు మూడు పుస్తకములకు మించి చేర్పరాదు. దినమునకు మూడు పుస్తకములు వ్రాయగల రచయిత ఏ భాషలోను ఇంతవరకు పుట్టియుండలేదు గదా! ఆ నిబంధన ఎవరిని ఉద్దేశించినదో చెప్పనక్కరలేదు.

పుట్టగొడుగు విషయమున తప్పుడు పుస్తకమును నమ్మినవాడు ప్రాణమే పోగొట్టుకొనవచ్చును. వంకాయ, బీర, గోంగూరల విషయమున అంతటి ఉపద్రవము లేదు. కాని అచ్చట పోవునది వేరొకటి కలదు. పదేండ్ల పిల్లవాడు పుస్తకములో చెప్పినట్లే విత్తనము నాటి, చెప్పినట్లే నీరు పోసి, మొక్క ఎండిపోగా, తప్పు తనదేనని నమ్మును. పుస్తకము తప్పు చెప్పియుండవచ్చునన్న అనుమానము ఆ వయస్సున కలుగదు. మరల వాడు మట్టి ముట్టడు.

ఈ విషయము నేడు ప్రత్యేకముగా ఆలోచింపదగినదగుటకు కారణములు కలవు. 2020లో కోవిడ్ వ్యాధి ప్రజలను ఇండ్లకు కట్టివేసినప్పుడు తోటపనిపై ఎన్నడు లేని మోజు పుట్టినది. అమెరికాలో బర్పీ అను విత్తనముల సంస్థ తన 144 ఏండ్ల చరిత్రలో ఎన్నడును అమ్మనన్ని విత్తనములను ఆ మార్చి నెలలో అమ్మినది. తెలుగునాట అంతకు ముందే మేడలపై కూరగాయలు పండించుట పెంపొందుచుండెను. కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి తన అనుభవమును ‘మిద్దెతోట’ అను పేరనే పుస్తకముగా వ్రాసిరి. 2019లో కేంద్రప్రభుత్వము మధ్యాహ్న భోజన పథకము క్రింద పాఠశాలలలో పోషకాహార తోటలను పెంచుటకు మార్గదర్శక సూత్రములను వెలువరించినది. కావున ఏ పుస్తకము కొనవలెనన్న ప్రశ్న గృహస్థునకే గాక ఉపాధ్యాయునకు కూడ ఎదురగుచున్నది. పాఠశాల గ్రంథాలయమునకు ఏటేట లభించు సొమ్ము స్వల్పము. అందులో ఒక్క పుస్తకము వృథాయైనను నష్టమే.

ఎక్కువగా అమ్ముడుపోయినది మంచి పుస్తకమని పలువురు తలచుదురు. 1973లో పీటర్ టాంప్కిన్స్, క్రిస్టఫర్ బర్డ్ అనువారు ‘ది సీక్రెట్ లైఫ్ ఆఫ్ ప్లాంట్స్’ అను గ్రంథమును ప్రచురించిరి. మొక్కలు మనుష్యుల ఆలోచనలను గ్రహించునని అందులో చెప్పబడినది. అబద్ధమును పట్టు యంత్రమును 1966లో ఒక మొక్క ఆకునకు తగిలించి చూచిన క్లీవ్ బాక్‌స్టర్ పరిశీలనలు ఆ వాదమునకు ఆధారము. పుస్తకము విపరీతముగా అమ్ముడుపోయినది; దానిపై చలనచిత్రము కూడ వచ్చినది. కాని 1975లో కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆ ప్రయోగమును తగు జాగ్రత్తలతో మరల చేసి చూడగా అట్టి ఫలితమేదియు కనబడలేదు. ఆ సమాధానము ‘సైన్స్’ పత్రికలో అచ్చయినది. పుస్తకమును చదివినవారిలో ఎందరు దానిని చదివియుందురు? జగదీశ చంద్ర బోసు చేసిన నిజమైన పరిశోధనలను సైతము ఆ గ్రంథము ఇట్టి ముచ్చట్లతో కలిపి వడ్డించుట మరింత విచారకరము.

ఇట్లని ప్రజాదరణ పొందిన పుస్తకములన్నియు త్రోసివేయదగినవి కావు. ఇంగ్లండులో డి. జి. హెస్సయాన్ 1958లో మొదలుపెట్టిన ‘ఎక్స్‌పర్ట్’ పుస్తకమాల ఐదు కోట్ల ప్రతులకు మించి అమ్ముడుపోయినదందురు. అది అకారణముగా కలిగిన కీర్తి కాదు. వెల తక్కువ, బొమ్మలు స్పష్టము, మాటలు కొలది. ఒక తెగులు లక్షణము, దాని కారణము, చేయవలసిన పని ఒక్కచూపులో కనబడునట్లు పట్టికలుగా ఆయన అమర్చిరి. తెలుగులో పిల్లలకు తోటపుస్తకము వ్రాయదలచినవారు ఆ అమరికనుండి నేర్చుకొనదగినది చాల కలదు. అయితే ఆయన తోటమందులను తయారుచేయు ఒక సంస్థకు అధ్యక్షుడుగా నుండిరి. ఆ పుస్తకములను ప్రచురించినదియు ఆ సంస్థకు చెందిన ప్రచురణశాఖయే. అందుచేత పుస్తకము అసత్యమగునని కాదు. ప్రతి తెగులునకు సీసాలోని మందే మొదటి ఉపాయముగా కనబడినచోట పాఠకుడు ఒక్క నిమిషమాగి, అట్టపై ప్రచురణకర్త పేరును చూడవలెను. నేడు ఎరువులు, కుండీలు అమ్మువారు ఉచితముగా పంచు పుస్తకముల విషయమునను ఇదే జాగ్రత్త అవసరము.

అమెరికాలో ఇంజనీరుగా పనిచేసి విశ్రాంతి తీసికొనిన మెల్ బార్తలోమ్యూ 1981లో వ్రాసిన ‘స్క్వేర్ ఫుట్ గార్డెనింగ్’ మరొక రకమునకు చెందినది. నాలుగడుగుల చదరపు మడిని పదునారు గడులుగా విభజించి, ఒక్కొక్క గడిలో మొక్క పరిమాణమును బట్టి ఒకటో, నాలుగో, తొమ్మిదో, పదునారో నాటుట ఆయన పద్ధతి. గణితము చెప్పు ఉపాధ్యాయునకు ఇంతకంటె చక్కని పాఠ్యవస్తువు దొరకదు. కాని ఆయన తన మడికి చెప్పిన మిశ్రమములో మూడవ వంతు పీట్, అనగా చలిదేశముల చిత్తడినేలలలో వేల ఏండ్లుగా పేరుకొనిన నాచు. దానిని ఇచ్చట కొనబోవుట అవివేకము. కోనసీమ కొబ్బరిపొట్టు ఆ పనిని చక్కగా చేయును. అయితే పొట్టులో ఉప్పు మిగిలియుండవచ్చును గనుక మంచినీటితో రెండుమూడుసార్లు కడిగి వాడవలెను. ఈ ఒక్క వాక్యము ఆ పుస్తకములో ఉండదు. ఈ ఒక్క వాక్యము లేకనే ఎన్నో నారుమొక్కలు మాడిపోవును.

తోటపుస్తకమునకు అసలు పరీక్ష ఇదియే: అది ఎచ్చటి ఎండలో వ్రాయబడినది? ఈ ప్రశ్న క్రొత్తది కాదు. వంగదేశమున క్రైస్తవ మతగురువుగా నుండిన ఫర్మింజర్, ఇంగ్లండులో అచ్చయిన తోటపుస్తకములు ఇచ్చటి ఋతువులకు పనికిరావని గ్రహించి, 1860 దశకమున వంగదేశమునకు, ఉత్తర హిందూస్థానమునకు వేరుగా ఒక ఉద్యాన గ్రంథమును వ్రాసిరి. అది మార్పులు చేర్పులతో అనేక దశాబ్దములు అచ్చగుచు వచ్చినది. ఆ మతగురువు గ్రహించిన సంగతిని నేటి అనువాదకులు కొందరు మరచుచున్నారు.

లండనునకు వ్రాసిన పుస్తకము టమాటాను దక్షిణపు గోడవారను నాటుమని చెప్పును. అది ఆ దేశమున అక్షరాల సత్యము. అచ్చట మధ్యాహ్న సూర్యుడు ఏడాది పొడవునను దక్షిణముననే ఉండును. హైదరాబాదు పదునేడు డిగ్రీల అక్షాంశముపై కలదు. ఇచ్చట మే రెండవ వారము మొదలు ఆగస్టు తొలిదినముల వరకు మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి ఉత్తరముగా నుండును; దక్షిణపు గోడవార ఆ వేళ నీడ పడును. మంచు కురియుట మానిన పిదప విత్తుమని ఆ పుస్తకమే చెప్పును. కృష్ణా, గోదావరి తీరములలో మంచు గడ్డకట్టుట ఎవరు చూచిరి? ఆ సూచనను నమ్మి ఏప్రిల్‌లో నాటిన టమాటా, ఎండ 35 డిగ్రీలు దాటినంతనే పుప్పొడి సత్తువ కోల్పోయి పూత రాల్చును. తెలుగు రైతు రోహిణి, మృగశిర కార్తెలను లెక్కించునది ఇందుకే. అమెరికా పుస్తకములలో కనబడు మండలముల పటము కూడ ఇట్టిదే. 1960లో అచ్చటి వ్యవసాయశాఖ తొలిసారి ప్రకటించి 2023లో సవరించిన ఆ పటము ఏటి అతిశీతల రాత్రుల సగటును మాత్రము చెప్పును. మొక్కను చలి చంపు దేశమునకు అది ప్రాణాధారము. మొక్కను మే నెల చంపు దేశమునకు నిరుపయోగము.

పేర్ల చిక్కు మరొకటి. ఆంగ్ల గ్రంథములోని ‘స్పినచ్’ అనువాదములో పాలకూర యగును. కాని ఐరోపా స్పినచ్ శాస్త్రనామము స్పినేషియా ఒలరేసియా. తెలుగువారి సంతలో పాలకూరగా అమ్ముడగునది చాలవరకు బీటు దుంప జాతికి చెందిన బీటా వల్గారిస్. మొదటిది ఎండ తగిలినంతనే పూతకు వచ్చి పనికిరాకపోవును. రెండవది కోసిన కొలది చిగుర్చును. ఇక ‘మలబార్ స్పినచ్’ అని పుస్తకములో నున్నది ఇంటి బచ్చలియే. పక్కపక్కన శాస్త్రనామములు లేని పుస్తకమును, అది ఎంత అందముగా అచ్చయినను, తరగతి గదిలోనికి తేకుండుట మేలు.

ఒక పుస్తకమునుండి మరొక పుస్తకమునకు ప్రాకు పొరపాట్లు కలవు. నీరు నిలువకుండుటకు కుండీ అడుగున గులకరాళ్లు పరువవలెనన్నది వానిలో ఒకటి. వాషింగ్టన్ రాష్ట్ర విశ్వవిద్యాలయమునకు చెందిన లిండా చాకర్ స్కాట్ ఇట్టి నమ్మకములను పరీక్షించి వ్రాయుచున్నారు. సన్నని మట్టినుండి పెద్ద రాళ్లలోనికి నీరు వెంటనే దిగదు. పైమట్టి పూర్తిగా తడిసి బరువెక్కిన పిదపనే దిగును. కాగా రాళ్లు పరచిన కుండీలో చిత్తడి వేళ్లకు మరింత సమీపమునకు వచ్చును. వంటింటి స్పంజి ముక్కను తడిపి, గులకరాళ్లపై నుంచి పిల్లలకు చూపిన చాలును. కృత్రిమ మేధ వ్రాయు పుస్తకములలో ఈ గులకరాళ్లు మరల మరల కనబడుట వింత కాదు. అది పాత పుస్తకములను నమలి క్రొత్త అట్ట వేయుచున్నది గదా.

పురాతనమైనంత మాత్రముననే నమ్మదగినదనుటయు పొరపాటే. సురపాలుని ‘వృక్షాయుర్వేదము’ ఆక్స్‌ఫర్డులోని బోడ్లియన్ గ్రంథాలయమున వ్రాతప్రతిగా నుండగా, నళినీ సాధలే అనువాదముతో 1996లో సికిందరాబాదులోని ఏషియన్ అగ్రి హిస్టరీ ఫౌండేషన్ వెలుగులోనికి తెచ్చినది. అందలి కుణపజలమును నేడు పలువురు తయారుచేయుచున్నారు. ఆ గ్రంథమును పెద్దతరగతుల విద్యార్థి చదువదగును. చదివి, రెండు కుండీలలో ఒకే నారు నాటి, ఒకదానికి ఆ ద్రవమును, మరొకదానికి నీటిని పోసి, నెల దినములు కొలిచి వ్రాసికొనవలెను.

తెలుగులో నమ్మదగిన సాహిత్యము లేదనుట న్యాయము కాదు. వేంకటరామన్నగూడెము, ములుగులలోని ఉద్యాన విశ్వవిద్యాలయములును, కృషి విజ్ఞాన కేంద్రములును ఇచ్చు సలహాలు ఈ నేలను ఎరిగినవి. కాని అవి రైతునకు ఉద్దేశింపబడినవి. మోతాదులు ఎకరమునకు చెప్పబడును. ఎకరము 4,047 చదరపు మీటర్లు. ఎకరమునకు 50 కిలోల యూరియా అన్నచోట చదరపు మీటరునకు పండ్రెండు గ్రాములు మాత్రమే యగును; కుండీకి అంతకంటెను చాల తక్కువ. లెక్క చేయక పిడికెడు వేసిన గృహస్థుని మొక్క రెండు దినములలో మాడును. పొలమునకు వ్రాసినదానిని పెరటికి లెక్కకట్టి చూపు చిన్న పుస్తకములు మరిన్ని కావలెను.

1931లో ఎస్. ఆర్. రంగనాథన్ గ్రంథాలయ శాస్త్రమునకు ఐదు సూత్రములు చెప్పినప్పుడు ప్రతి పాఠకునకు తగిన పుస్తకము దొరకవలెనన్నది వానిలో ఒకటి. తోటపుస్తకము కొనబోవు ఉపాధ్యాయుడు అంగడిలోనే ఒక చిన్న పరీక్ష చేయవచ్చును. తనకు బాగుగా తెలిసిన ఒక్క మొక్క, కరివేపయో మునగయో, ఆ పుస్తకములో ఎచ్చటనున్నదో వెదకి ఆ పుట చదువవలెను. ఆ మొక్కయే లేనిచో పుస్తకము వేరొక దేశమునకు వ్రాయబడినది. మునగకొమ్మ నాటవలసిన కాలము, గొంగళిపురుగులు పట్టు కాలము తెలిసి వ్రాసినయెడల రచయిత ఆ చెట్టును చూచినవాడు. మిగిలిన పుటలు ఇంటికి తీసికొనిపోయి చదువవచ్చును.