మూడు చుక్కలు

వార్షికోత్సవ సంచికలో కవితలు, ఊరి జ్ఞాపకాలు ఉండాలి గానీ కంప్యూటరు కమాండ్ల గొడవ ఏమిటని కొందరు మిత్రులు నవ్వవచ్చు. నవ్వినా ఫరవాలేదు. ఈ ఏడాది మన హాస్టల్లో ఒక తమ్ముడు పెట్టె సర్దుకుని ఊరికి బయలుదేరబోయాడు. అతడిని ఆపి, తార్నాక దాకా నడిపించుకుపోయి, చాయ్ తాగిస్తూ అడిగితే అసలు సంగతి తెలిసింది. ఒక కంపెనీ వాళ్లు పెట్టిన ప్రాక్టికల్ పరీక్షలో అతని ప్రోగ్రాం నడవలేదు.

"కంపైల్ అయింది గదా అన్నా, మరి రన్ ఎందుకు కాలే? నాకీ లైను సరిపోదు" అన్నాడు. మొదటిది మంచి ప్రశ్న. రెండో మాట తప్పు. ఈ రెండింటి మధ్య ఉన్న దూరం గురించే మేము రాస్తున్నాం.

అతను రాసింది జావా ప్రోగ్రాం. మై ఎస్‌క్యూఎల్‌లో ఉన్న వివరాలు తెచ్చి చూపాలి. ల్యాబులో ఎక్లిప్స్‌లో పచ్చ బటన్ నొక్కితే చక్కగా నడిచేది. డేటాబేసుతో మాట్లాడే కనెక్టర్ అనే జార్ ఫైలును అంతకుముందే ఎవరో ఆ ప్రాజెక్టుకు తగిలించి ఉంచారు. అది ఉన్నదన్న సంగతే ఇతనికి తెలియదు. పరీక్షలో లైనక్స్ మిషన్, నల్ల తెర. జార్ ఫైలు అదే ఫోల్డరులో పెట్టి ఇచ్చారు. జావాసీ కమాండుతో కంపైల్ చేస్తే ఒక్క తప్పూ రాలేదు. రన్ చేస్తే 'తగిన డ్రైవర్ దొరకలేదు' అన్నది.

ఇందులో మాయ ఏమీ లేదు. హాస్టల్ భాషలో చెబుతాం. మెస్ రిజిస్టరులో పేరు ఉంటే వంటవాళ్లు లెక్కలో వేసుకుంటారు. కానీ రాత్రి పళ్లెం ముందు మనిషి వచ్చి కూర్చోవాలి గదా! కంపైల్ చేయడం రిజిస్టరు చూడటం వంటిది. డేటాబేసు పనికి కావలసిన పేర్లు జావాలోనే ఉంటాయి కాబట్టి కనెక్టర్ లేకున్నా కంపైల్ అవుతుంది. రన్ చేసేటప్పుడు మాత్రం ఆ మనిషి కావాలి. ఎక్కడున్నాడో హైఫన్ సీపీ అని రాసి మనమే చెప్పాలి. ఒకే ఫోల్డరులో పక్కపక్కన పెట్టినంత మాత్రాన జావా జార్ ఫైలును తనంతట తాను చూడదు.

పక్క సీటు వాళ్లను చూసి తమ్ముడు హైఫన్ సీపీ తరువాత జార్ పేరు రాశాడు. ఈసారి అతని సొంత క్లాసే దొరకలేదన్నది. ఎందుకంటే దారి మనం చెప్పడం మొదలుపెట్టాక, మామూలుగా వెతికే ప్రస్తుత ఫోల్డరును కూడా జావా వదిలేస్తుంది. 'ఇక్కడ కూడా చూడు' అని చెప్పడానికి ఒక చుక్క పెట్టాలి. నోట్సు గుర్తొచ్చి చుక్క పెట్టాడు, దాని పక్కన సెమీకోలన్ పెట్టాడు. ఆ నోట్సు విండోస్‌ది. లైనక్స్‌లో సెమీకోలన్ పెడితే కమాండు అక్కడికి అయిపోయినట్టే. జావా తన వాడకం వివరాలన్నీ తెర నిండా కక్కింది. ఆ తరువాత జార్ పేరునే ఒక కమాండు అనుకుని అలాంటిది లేదన్నది. అక్కడ పెట్టవలసింది కోలన్. అంటే ఒక చుక్క, దాని పక్కన ఇంకో రెండు చుక్కలు. అంతలో టైము అయిపోయింది.

సీ భాషలోనూ ఇదే కథ. మన కాలేజీల ల్యాబుల్లో చాలా కాలం ఏలింది టర్బో సీ నీలి తెర. అది వచ్చింది 1987లో. జీసీసీ కూడా 1987లోనే వచ్చింది, అయితే మనలో చాలామందికి పరిచయం కావడానికి ఆలస్యమైంది. నీలి తెరలో కంట్రోల్ ఎఫ్ 9 నొక్కితే లెక్కల లైబ్రరీ దానంతటదే అతుక్కునేది. లైనక్స్‌లో జీసీసీతో వర్గమూలం కట్టాలంటే, ఫైలు పేరు రాశాక చివరలో హైఫన్ ఎల్ ఎం అని చేర్చాలి. హెడర్ ఫైలు ఇన్‌క్లూడ్ చేశాం గదా అంటే, అది రిజిస్టరు మాత్రమే. మా గదిలో ఒకరు జిరాక్స్ నోట్సులోని ఆ 'ఎల్'ను ఒకటి అంకె అనుకుని ఒక సాయంత్రమంతా కొట్టుకున్నారు. ఎవరో చెప్పం.

ఇవన్నీ పెద్ద విద్యలు కావు. నోటి మాటగా తిరిగే సంగతులు. ఇంట్లో ఇంజనీరు అన్న ఉంటే ఫోన్లో 'చుక్క పెట్టావా?' అని అడుగుతాడు, అర నిమిషంలో తేలిపోతుంది. మన ఇళ్లలో అడిగేదెవరిని? అందుకే తెర మీద ఎర్రర్ రాగానే మనవాళ్లు దాన్ని చదవరు. అది తమ మీద చెప్పిన తీర్పు అనుకుంటారు. అది ఏది దొరకలేదో చెబుతున్నది, అంతకుమించి ఏమీ అనడం లేదు.

మేవెన్, గ్రేడిల్ ఉండగా ఈ పాత పద్ధతి ఎందుకని సీనియర్లు కొందరు అంటారు. అవి మంచివే, మేమూ వాడతాం. అవి జార్ ఫైళ్లను ఇంటర్నెట్ నుంచి తెచ్చి, చివరికి కంపైలరుకు ఇచ్చేది ఇదే దారి. అవి ఆగిపోయిన రోజు ఎక్కడ ఆగాయో చూడాలంటే ఇది తెలియాలి. ఫోన్లో ఏఐని అడగవచ్చు, నిజమే. ఏ మిషనో చెప్పకపోతే అది కోలన్ ఇవ్వాలో సెమీకోలన్ ఇవ్వాలో ఎట్లా చెబుతుంది? పైగా పరీక్ష హాలు బయటే ఫోన్లు తీసుకుంటారు.

మాకైతే ఇది తెలివితో వచ్చింది కాదు. ఐదుగురం డబ్బులు వేసుకుని సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్న పాత కంప్యూటరులో ఎక్లిప్స్ తెరుచుకునేలోపు మెస్‌కు పోయి రావచ్చు. గతిలేక నల్ల తెరకు అలవాటు పడ్డాం.

ల్యాబు రికార్డులో ప్రోగ్రాం, అవుట్‌పుట్ రాయిస్తారు. వాటి మధ్య ఆ ప్రోగ్రాంను నడిపిన కమాండు కూడా రాయించాలని మా అభిప్రాయం. అధ్యాపకులు ఒప్పుకునేదాకా మన రికార్డుల్లో మనమే రాసుకుందాం. విండోస్‌ది ఒక వరుస, లైనక్స్‌ది ఒక వరుస.

ఆదివారాలు టిఫిన్ అయ్యాక మా గదిలో ఆ పాత కంప్యూటరు ఖాళీగానే ఉంటుంది. ముందు ప్రోగ్రాం నడవకుండా చేసి, వచ్చిన ఎర్రరును పైకి చదివి, తరువాత నడిపిస్తాం. మొదటి వారం తానే చూపిస్తానని ఆ తమ్ముడు అన్నాడు. కనెక్టర్ జార్ మా దగ్గర ఉంది, పెన్‌డ్రైవ్ లేనివాళ్లు కూడా రండి.