పైలట్ మూత్రానికి ఉన్న లెక్క మన పిల్లల మూత్రానికి లేదా?

ఇదేం టాపిక్ అని నవ్వేవాళ్ళు నవ్వండి, కానీ చివరిదాకా చదవండి.

2022 జనవరి 31 నుంచి డీజీసీఏ రూల్ ఒకటి అమల్లో ఉంది. విమాన సంస్థలు ఏటా తమ విమాన సిబ్బందిలో కనీసం 10 శాతం మందికి ముందు చెప్పకుండా మత్తు పదార్థాల పరీక్ష చేయించాలి. మూత్రమే చూస్తారు. మొదటి పరీక్షలో తేడా వస్తే డ్యూటీ నుంచి పక్కన పెడతారు, కానీ తప్పు తేల్చేది మాత్రం నిర్ధారణ పరీక్ష తర్వాతే. మంచి పద్ధతి, మేం కాదనం.

మరి శంషాబాద్ ఎయిర్‌పోర్టు గోడకు ఇవతల ఉన్న మనకు? పోయిన ఎండాకాలం మంటగా ఉందన్న ఒక హాస్టల్ చెల్లిని ఒకే రోజు రెండు ల్యాబులకు తీసుకుపోయాం. ఒకచోట చీము కణాలు 2–3, ఇంకోచోట "ప్లెంటీ". మొదటిచోట పొద్దున ఇచ్చిన డబ్బా మధ్యాహ్నం దాకా కిటికీ దగ్గరే ఉంది. మూత్రాన్ని రెండు గంటల్లోపు చూడాలి, లేదంటే ఫ్రిజ్‌లో పెట్టాలి. ఎండకు బ్యాక్టీరియా పెరుగుతుంది, కణాలు పగిలిపోతాయి. ఎంత మూత్రం తిప్పారు, ఎంతసేపు తిప్పారు అన్నదాన్ని బట్టి కూడా అంకె మారుతుంది. రిపోర్టులో ఇవేవీ రాయరు. డాక్టర్ ఆ అంకె చూసే యాంటీబయాటిక్ రాస్తాడు!

సికిల్ సెల్ ఉన్న మన ఆదివాసీ పిల్లల సంగతి ఇంకా కష్టం. ఆ జబ్బులో కిడ్నీ మూత్రాన్ని చిక్కబరచలేదు, తర్వాత ఆల్బుమిన్ కారడం మొదలవుతుంది. పలచటి మూత్రంలో మామూలు స్ట్రిప్ ముంచితే "నిల్" అని రావచ్చు. ఆల్బుమిన్, క్రియాటినిన్ నిష్పత్తి చూస్తేనే దొరుకుతుంది. 2023 జూలై 1న కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది, రక్తపరీక్షలు జరుగుతున్నాయి. జబ్బు ఉందని తేలినవాళ్ళకు ఏటా ఈ మూత్రపరీక్ష కూడా చేయాలి.

ఎన్ఏబీఎల్ గుర్తింపు ల్యాబుల ఇష్టం మీద ఆధారపడింది. గల్లీ ల్యాబులు ఆ ఖర్చు ఎందుకు పెట్టుకుంటాయి? కనీసం శాంపిల్ ఇచ్చిన టైమ్, చూసిన టైమ్, చూసిన పద్ధతి రిపోర్టు మీద రాయడం అన్ని ల్యాబులకూ తప్పనిసరి చేయాలని మేం అడుగుతున్నాం. దీనికి కొత్త మిషన్ అక్కర్లేదు, పెన్ను చాలు. మనలో డీఎంఎల్‌టీ చదివేవాళ్ళు చాలామందే ఉన్నారు కదా, ట్రైనింగ్‌కి పోయిన చోట మీరే మొదలుపెట్టండి.