బాణీ ఎవరిదో చెప్పాలె!

ఊరికో కొత్త గొంతు లేస్తున్నది. పాట తానే కట్టి, తానే పాడే పిల్లలను చూస్తే కడుపు నిండుతున్నది. కానీ ఒక్క మాట. 1979లో తీసిన 'మా భూమి'లో గద్దర్ గొంతెత్తిన 'బండెనక బండి కట్టి' పాట బండి యాదగిరిది. పాట ఊరూరా తిరిగింది; యాదగిరి పేరు మాత్రం చానామందికి తెలువలేదు.

బాణీ ఆకాశంలోంచి ఊడిపడదు. గోరటి వెంకన్న పాటకు తండ్రి యక్షగానం, తల్లి మంగళహారతులే వేర్లు. కొత్త గాయకులారా! బాణీ నేర్పిన నాట్లేసే అవ్వ పేరు, ఒగ్గుకథ చెప్పిన తాత పేరు ముందు చెప్పి పాడుండ్రి. మన బాణీలు సినిమావాళ్లు ఎత్తుకపోయిండ్రని కొట్లాడినోళ్లం. మన అవ్వ పేరును మనమే మింగుదామా?