యోగమునకును సెలవా?

సంక్రాంతి సమీపించుటతోడనే మన పట్టణములలో అనేక యోగాభ్యాస మందిరముల తలుపులకు తాళములు పడుచున్నవి. “పండుగ వెళ్లిన పిమ్మట కలిసికొందము” అని గురువుగారందురు. శిష్యులు లోలోపల సంతసింతురు. దసరాకు నిదే వరుస, దీపావళికి నిదే వరుస, పెండ్లి ముహూర్తముల మాసములలోను నిదే వరుస. వేసవిలో క్రికెట్టు పోటీలు రాత్రి పదునొకండు గంటలు దాటువరకు సాగు రెండు నెలలును తెల్లవారుజామున లేచువారే అరుదు. ఎన్నికల ఫలితములు వెలువడు దినముమాట చెప్పనక్కరలేదు. ఈ లెక్కన ఏడాదిలో యోగమునకు మిగులు దినములెన్ని? ఏ సందడియు లేక మనస్సు తనంతట తానే కుదురుగా నుండు దినములు మాత్రమే. మందు అక్కరలేని నాడు మందు త్రాగి, జ్వరము వచ్చిన నాడు సీసాకు బిరడా బిగించువానిని మన మేమందుము?

వేరొకవంక యోగమే యొక పండుగయై కూర్చున్నది. 2014 డిసెంబరు 11వ తేదీన ఐక్యరాజ్యసమితి సాధారణసభ జూన్ 21ని అంతర్జాతీయ యోగదినముగా ప్రకటించినది. 2015లో ఢిల్లీ రాజపథమున 35,985 మంది ఒక్కమారు ఆసనములు వేసిరి. 2025లో విశాఖ సముద్రతీరమున 3 లక్షలకు పైగా జనులు గుమిగూడి గిన్నిసు పుస్తకమున కెక్కిరి. ఈ ఉత్సవమును మేము నిందింపము. ఆంధ్రులు గర్వింపదగిన ఉదయమే యది. కాని ఆనాడు ఇసుకపై పరచిన చాపలు జూలై మాసమున ఏ అటకపైనున్నవి? గిన్నిసువారు తలలను లెక్కింతురు గాని తెల్లవారుజాములను లెక్కింపరు. మాకు అధికారమున్నచో యోగదేశమని చెప్పుకొను మన గొప్పను జూన్ 21న గాక భోగినాటి ఉదయమున కొలిపింతుము.

“పండుగనాడును నియమమేనా? సంతోషించుటకు గదా పండుగ!” అని వాదించు పెద్దమనుష్యులు గలరు. వీరు యోగము నెరుగకపోవుట యటుంచి, తమ పండుగనైన నెరుగరని మా యభిప్రాయము. సంక్రాంతి ఏ తోవన వచ్చుచున్నదో చూడుడు. ధనుర్మాసము ముప్పది దినములును తెలతెలవారకముందే వైష్ణవాలయములలో గంట మ్రోగును. తిరుప్పావై పాశురములు ముప్పది, దినమునకొక్కటి. భోగినాటికి నెల ముగియును, గోదాకల్యాణము జరుగును. నెల పొడవునను చలిలో స్నానమాడి గుడికేగిన భక్తుడు “రేపు భోగి గదా, నేడు పడుకొందును” అనునా? మన యాడపడుచుల ముగ్గులను చూడుడు. నెలదినములు వాకిట వేసిన చేయి పండుగ రాగానే ముడుచుకొనుట లేదు. ఆనాడే అన్నింటికన్న పెద్ద ముగ్గు పడును, చివర రథపు ముగ్గును వేయుదురు. అభ్యాసము పండిన దినమునకే మన పూర్వులు పండుగ యని పేరు పెట్టిరి. కనుమనాడు కాకియైనను కదలదందురు. అది ప్రయాణమును గూర్చిన మాట గాని ప్రాణాయామమును గూర్చిన మాట కాదు.

శాస్త్రమేమనుచున్నది? అభ్యాసము చిరకాలము, ఎడతెగక, ఆదరముతో సాగిననే గట్టిపడునని పతంజలి యోగసూత్రముల మొదటి పాదముననే చెప్పియున్నాడు. హఠయోగప్రదీపికలో స్వాత్మారాముడు యోగమును చెరచు దోషము లారింటిని లెక్కించెను. అతిభోజనము, అతిశ్రమ, వ్యర్థప్రసంగము, జనసాంగత్యము, చాపల్యము వానిలోనివి. అరిసెలు, ప్రయాణములు, అల్లుళ్ల ముచ్చట్లు, బంధువుల సందడి, పేకముక్కలు! ఆ మహానుభావుడు మన సంక్రాంతి నాలుగు దినములను చూచియే వ్రాసెనా యనిపించును. ఆరవ దోషమును మరువరాదు, అది నియమాగ్రహము. అత్తవారింట అరిసె ముట్టనని భీష్మించి, వసారా నడుమ చాప పరచి, ఇంటిల్లిపాదిని నిశ్శబ్దముగా నుండుడని గద్దించు యోగివర్యునికి గూడ ఆ పట్టికలో చోటున్నదన్నమాట.

ఉద్వేగకాలమున నిత్యవిధిని నిలుపుట అసాధ్యమందురా? 1930 మార్చి 12న సబర్మతి విడిచి 24 దినములలో సుమారు 240 మైళ్లు నడిచి దండి చేరిన దండును తలచుకొనుడు. దారిపొడవునను పూలదండలు, సభలు, చెర యెప్పుడో యను తహతహ. అయినను ఆ యాత్రికులకు ప్రార్థన, నూలు వడకుట, దినచర్య వ్రాయుట తప్పనిసరి. 1947 ఆగస్టు 15న దేశమెల్ల దీపములు వెలిగించుచుండ, ఆ దండును నడిపించిన గాంధీజీ కలకత్తా బేలియాఘాటాలో ఉపవాసముండి, ప్రార్థించి, రాట్నము త్రిప్పెను. ఆ రెండు వందల యేండ్ల నిరీక్షణకన్న మన కోడిపందెములు గొప్ప సందర్భములా?

ఇచట మరియొక అన్యాయము గలదు. దీనిని గూర్చి మాటలాడువారు తక్కువ. పండుగలో మగవాడు యోగమును బద్ధకముచే మానును. ఇల్లాలు దిక్కులేక మానును. నాలుగు గంటలకు లేచి పిండివంటలకు పొయ్యి వెలిగించు నామెకు గడియ సేపైనను మిగులదు. నడుము నొప్పికో, మధుమేహమునకో వైద్యుడు మందుతోబాటు యోగము చేయుమని చెప్పినది తరచుగా నీమెకే. పండుగనాడు బిళ్లలు మానుమని ఆమెతో నెవ్వరును అనరు గదా! ఇంటి యజమాని పొత్తిలో పిండి రుబ్బుటకో, కొబ్బరి తురుముటకో ఒక అరగంట కూర్చుండినచో ఆమె కా అరగంట దక్కును. కూర్చుండడేల?

కావలసినది కొంచెమే. కడుపునిండ తిన్న మూడు నాలుగు గంటలవరకు ఆసనములు కూడవు. పండుగనాడు పొట్ట ఖాళీగానుండునది తెల్లవారుజామున మాత్రమే. కనుక వేళ మార్చరాదు, నిడివి తగ్గింపవచ్చును. రాత్రి నిద్రలేనివాడు శీర్షాసనమునకు బూనరాదు. నాలుగు సూర్యనమస్కారములు, పది నిమిషముల నాడీశోధనము చాలును. భోగిమంట పొగలో ప్రాణాయామము చేయరాదు, మంటకు ముందే ముగింపవలెను. దీపావళి మరునాటి ఉదయము వీధియంతయు మందుగుండు పొగ నిండియుండును. ఆ దినము భస్త్రిక వదలి తలుపులు మూసికొని మెల్లని శ్వాసతో సరిపుచ్చవలెను. పొరుగూరిలో చాప లేకున్న దుప్పటి మడత యుండనే యున్నది. రైలులో కూర్చున్నచోటనే శ్వాసను గమనింపవచ్చును, టిక్కెట్టు అధికారి అభ్యంతరపెట్టడు.

యోగమందిరముల నిర్వాహకులను, పురపాలక సంఘములవారిని మేము కోరునది యొక్కటే. యోగదినమునకు వేదికలు కట్టించి, ధ్వనియంత్రములు పెట్టించితిరి. రాబోవు భోగి, సంక్రాంతి, కనుమ మూడు దినములును ఉదయము ఐదు గంటలకు ఆ మందిరముల తలుపులు తీయించి, ఐదున్నరకు మూయించుడు. గురువుగారు ఊరికి వెళ్లినచో పెద్దశిష్యుడు తాళపుచెవి తీసికొనును. వచ్చినవారు ముగ్గురే యైనను ఆ ముగ్గురి పేర్లును పలకమీద వ్రాసి గుమ్మమున వ్రేలాడదీయుడు.