లిఫ్టు తర్వాత భాయ్, ముందు జమీన్ చూడండి

గ్యారేజీ అనే మాటకు మన ఖాన్‌దాన్‌లలో రెండు అర్థాలున్నాయి. షికాగోలోనో డాలస్‌లోనో ఉన్న చాచా కొడుకు వీడియో కాల్‌లో చూపించే గ్యారేజీ కారు పెట్టుకునే గది. అక్కడ కొందరు షౌక్ కొద్దీ లిఫ్టు బిగించుకుని ఒక కారు పైన, ఇంకో కారు కింద పెట్టుకుంటారు. మన దగ్గర గ్యారేజీ అంటే రోజీ. విజయవాడలో అయినా, హైదరాబాద్ పాతబస్తీలో అయినా ఇంటి ముందు ఆంగన్‌లో రేకులు వేసి, అక్కడే కార్లు విప్పి బతికే కుటుంబాలు మనలో చాలా ఉన్నాయి. లోపల అమ్మీ వంట, బయట అబ్బా పని, మధ్యలో ఆడుకునే పిల్లలు.

ఈ ఇంటి గ్యారేజీల్లోకీ లిఫ్టులు వస్తున్నాయి. రావాలి కూడా. కాకపోతే మనం కొనే తరీఖా తలకిందులుగా ఉంది. ‘రేటెంత, ఎన్ని టన్నులు లేపుతుంది’ అని రెండు సవాళ్లు అడిగి బయానా ఇచ్చేస్తున్నాం. నా రాయ్ ఏమిటంటే, లిఫ్టు ఆఖర్న కొనాల్సిన సామాను. ముందు జమీన్, తర్వాత ఛత్, ఆ తర్వాత లాకులు చూడాలి. రేటు వాటి వెనకే రావాలి.

అసలు లిఫ్టు ఎందుకు, ముప్పై ఏళ్లు జాకీ, ఇటుకల మీదే చేశాం, ఏమైంది అని మన ఉస్తాద్‌లు అంటారు. వాళ్ల తజుర్బాకు సలాం. కానీ ఏమీ కానివాళ్లే కదా ఆ మాట చెప్పడానికి మన ముందున్నారు! జాకీ ఉన్నది కారును లేపడానికి, మనిషి కింద ఉండగా మోయడానికి కాదు. ఇటుక పగిలేముందు ఖబర్ చెయ్యదు. గుంట తవ్వుకుంటే ఇంకో ఖత్రా. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, దిగి గుంటలోనే కూర్చుంటుంది. ఒక్క నిప్పురవ్వ చాలు. ‘అల్లా మాలిక్’ అని శాగిర్ద్‌ను కారు కిందికి పంపడం భరోసా కాదు, మన జిమ్మేదారీని పైకి నెట్టేయడం. పైగా వంగి వంగి నలభై దాటేసరికి నడుములు పోయిన ఉస్తాద్‌లు ప్రతి మొహల్లాలో కనిపిస్తారు.

ఇక జమీన్ సంగతి. గ్యారేజీల్లో ఎక్కువగా కనిపించేది రెండు స్తంభాల లిఫ్టు. కారు బరువంతా ఆ రెండు స్తంభాల చేతుల మీద ఉంటుంది. కారు పైకి లేచినప్పుడు స్తంభాలు లోపలికి ఒరగాలని చూస్తాయి. వాటిని ఒరగనివ్వకుండా పట్టి ఉంచేవి కాంక్రీటులో దిగిన యాంకర్ బోల్టులే. చాలా కంపెనీల మాన్యువల్స్‌లో కనీసం 4 అంగుళాల మందం, 3000 పీఎస్ఐ బలం ఉన్న కాంక్రీటు కావాలని ఉంటుంది. ఇంతకన్నా ఎక్కువ అడిగేవీ ఉన్నాయి. మన ఆంగన్‌లలో ఉండేదేమిటి? ఇసక మీద పరిచిన తాండూరు బండలు, లేదంటే పలచటి బెడ్డు మీద టైల్సు. ఆ బండల్లో దింపిన బోల్టు గోడకు కొట్టిన క్యాలెండర్ మేకుతో సమానం. అక్కడ తవ్వి, రాడ్డు కట్టి, మంచి కాంక్రీటు పోసి, 28 రోజులు ఆగాకే బిగించాలి. ‘నెల రోజులు పని బంద్ ఎలా’ అంటే, ఆ మజ్బూరీ నాకూ తెలుసు. అయినా ఆగాల్సిందే.

ఇంకో మాట. హైదరాబాద్ ఇళ్లలో నీళ్ల సంపు చాలాసార్లు పోర్టికో కిందే ఉంటుంది. కొన్నిచోట్ల సెప్టిక్ ట్యాంకు కూడా. వాటి కప్పు మీద లిఫ్టు స్తంభం నిలబెట్టడం అంటే ఇంటిని, మనిషిని కలిపి పందెం కాయడమే. ఇల్లు కట్టిన మేస్త్రీనో, ఇంటి పెద్దనో అడిగి సంపు గోడలు ఎక్కడిదాకా ఉన్నాయో నేల మీద సున్నంతో గీయించండి. కిరాయి ఇల్లయితే మకాన్‌దార్ ఇజాజత్ లేకుండా బోల్టు దింపొద్దు.

తర్వాత ఛత్. ఇది సీదా హిసాబ్. రెండు స్తంభాల లిఫ్టు కారును దాదాపు 6 అడుగులు లేపుతుంది. స్విఫ్ట్ ఎత్తు సుమారు 5 అడుగులు. కలిపితే 11. ఇన్నోవా అయితే దాదాపు 12. మన పోర్టికో స్లాబులు మామూలుగా 10 అడుగుల దగ్గరే ఆగిపోతాయి. అలాంటి చోట పక్కింటి వాడు పెట్టించాడని అదే తెచ్చుకుంటే, సగం దాకా లేపి వంగే పని చేసుకోవాలి. తక్కువ ఎత్తు ఛత్‌కు సిజర్ లిఫ్టు నయం. మూడు, నాలుగడుగులు లేపే రకాలున్నాయి, స్టూలు మీద కూర్చుని బ్రేకులు, టైర్ల పని చేసుకోవచ్చు. దాని కమీ ఏమిటంటే, కారు మధ్యభాగం కింద అదే అడ్డంగా ఉంటుంది కాబట్టి గేర్‌బాక్స్ దించడం కష్టం. నాలుగు స్తంభాల లిఫ్టు మీద కారు తన చక్రాల మీదే నిలబడుతుంది. అలైన్‌మెంటుకు, పార్కింగుకు అచ్ఛా. చక్రం విప్పాలంటే మాత్రం దాని మీద ఇంకో జాకీ కావాలి. ఏది గొప్పదని కాదు, మీ దగ్గరికి రోజూ ఏ పని వస్తుందో అదే ఫైసలా చెయ్యాలి.

మూడోది లాకులు. కారును లేపాక నూనె ఒత్తిడి మీద వదిలెయ్యకూడదు. కొంచెం కిందికి దించి ఇనప లాకుల మీద కూర్చోబెట్టాలి. గొట్టం పగిలినా, సీల్ పోయినా ప్రాణం కాపాడేది ఆ లాకే. సెకండ్ హ్యాండ్ లిఫ్టు చూడటానికి వెళ్తే రంగు చూడకండి. రెండు వైపులా లాకులు పడుతున్నాయా, చేతులు పక్కకు జరగకుండా పట్టే ఖిల్లీలు ఉన్నాయా, కేబుళ్లు తెగిన పోగులు లేకుండా ఉన్నాయా, కెపాసిటీ రాసిన ప్లేటు, మాన్యువల్ ఉన్నాయా చూడండి. ఇందులో ఒక్కటి లేకపోయినా అది సస్తా సౌదా కాదు. ఎంత తగ్గించినా వద్దనండి.

బిగించిన తర్వాత కూడా ఒక ఆదత్ చేసుకోవాలి. ప్రతిసారీ కారును అరడుగు లేపి, ఆపి, చేత్తో ఊపి చూడాలి. కదలకుండా ఉంటేనే పైకి. బోల్టుల బిగువు మాన్యువల్ చెప్పిన గడువులో మళ్లీ చూడాలి. మోటారుకు ఎర్తింగ్ లేకుండా స్విచ్ వెయ్యొద్దు. కారు పైన ఉన్నంతసేపు ఇంటి పిల్లలు ఆంగన్‌లోకి రాకుండా ఒక గొలుసు కట్టండి.

ఇదంతా ఫాల్తూ ఖర్చు అని కొందరికి అనిపించవచ్చు. ఇంటికి రంగులేయడానికి, షాదీల్లో స్టేజీ అలంకరణకు లెక్క చూడని మనం కాంక్రీటు దగ్గరే కంజూసీ ఎందుకు చెయ్యాలి? బీద ఇంటి అమ్మ తన కొడుకును ‘హునర్ నేర్పండి భాయ్’ అని ఉస్తాద్ చేతిలో పెడుతుంది. ఆ పిల్లాడు నిలబడేది ఆ లిఫ్టు కిందే.

అందుకే షోరూంకు వెళ్లేముందు ఒక కాగితం మీద మూడు అంకెలు రాసుకోండి. మీ నేలలో కాంక్రీటు మందం, మీ ఛత్ ఎత్తు, మీ దగ్గరికి వచ్చే అన్నింటికన్నా బరువైన బండి ఎన్ని కిలోలు. ఆ కాగితం చూడకుండానే ‘హోజాతా భాయ్’ అనే దుకాణ్‌దార్‌కు ఖుదా హాఫిజ్ చెప్పి, పక్క దుకాణం చూడండి.