బోరు మోటారుకు నీటి మీటరు ఏది?

మా తలుపుల మండలంలో మంచినీటి మోటార్ల కరెంటు బిల్లు మాటెత్తితే చాలు, "మాకెక్కువొచ్చింది, పక్కూరికి తక్కువొచ్చింది" అంటారు. రాష్ట్రంలో పంచాయతీల బాకీలు పేరుకుపోయి, 2021లో ప్రభుత్వం వాటిని పదిహేనో ఆర్థిక సంఘం నిధుల్లోంచే సర్దుబాటు చేసుకుంటే సర్పంచులు గగ్గోలు పెట్టారు. వాళ్ల బాధ న్యాయమే. ఆ బిల్లుకు ఎన్ని నీళ్లొచ్చాయని అడిగినవాళ్లు మాత్రం నాకు కనపడలేదు.

వారానికి రెండుసార్లే నీళ్లొదిలే ఊరికి బిల్లు తక్కువే వస్తుంది. దాన్ని పొదుపనగలమా? చూడాల్సింది కిలోలీటరుకు, అంటే వెయ్యి లీటర్లకు, ఎన్ని యూనిట్లు కాలాయన్నది. అదీ ఎంత లోతు నుంచి తోడారో లెక్కలోకి తీసుకుని. వెయ్యి లీటర్లను వంద మీటర్లు ఎత్తడానికి సిద్ధాంతం ప్రకారం 0.27 యూనిట్ చాలు. మోటారు, పంపు కలిపి సగం సామర్థ్యంతో పనిచేసినా 0.55 దాటకూడదు.

దీనికి పెద్ద ఇంజినీర్లు రానక్కర్లేదు. 40 వేల లీటర్ల ట్యాంకు ఖాళీ అయ్యాక గేట్‌వాల్వు కట్టేసి, కరెంటు మీటరు రీడింగు రాసుకుని, నిండాక మళ్లీ చూస్తే సరి. మోటారు ఆడేటప్పటి నీటిమట్టం నుంచి ట్యాంకు పైదాకా 165 మీటర్లనుకుంటే, ఆ సగం సామర్థ్యం లెక్కన 36 యూనిట్లకు కాస్త అటూ ఇటూ కావాలి. 60 అయ్యాయంటే ఎక్కడో తేడా ఉన్నట్టే. పంపులో బౌల్సు అరిగి ఉండొచ్చు, పదే పదే రివైండింగు చేసిన మోటారు కావొచ్చు, లోపలి పైపు తుప్పుపట్టి చిల్లు పడి ఉండొచ్చు. చిల్లే అయితే, కేసింగు మూతి దగ్గర చెవి పెడితే తోడిన నీళ్లు తిరిగి బోరులోకే జారే చప్పుడు వినపడొచ్చు. జారిపోయిన నీళ్లకూ కరెంటు రేటు అదే!

హంద్రీనీవా కాలువ నీళ్లొస్తే ఈ గొడవే ఉండదనేవాళ్లున్నారు. ఆ నీళ్లు తోడే శ్రీశైలం జలాశయం పూర్తి నీటిమట్టం 885 అడుగులు, మన పక్కనున్న కదిరి సుమారు 1,600 అడుగుల ఎత్తున ఉంది. ఆ తేడా అంతా మల్యాల పంపుహౌసు నుంచి అంచెలంచెలుగా కరెంటుతో ఎక్కించాల్సిందే. ఫ్లోరైడు లేని నీళ్ల కోసం ఆ ఖర్చు పెట్టొచ్చు, అది వేరే మాట. కానీ బోరును, కాలువను పోల్చేటప్పుడు ఆ బిల్లు వేరే శాఖ ఖాతాలో ఉందని వదిలేస్తే ఎలా?

జల్ జీవన్ మిషన్ కింద మనిషికి రోజుకు 55 లీటర్లు ఇస్తామంటున్నారు. అవి అందుతున్నాయో లేదో తేలాలన్నా మీటరే కావాలి. ప్రతి స్కీము బోరు డెలివరీ పైపుకు నీటి మీటరు బిగించి, నెలనెలా లీటర్లు, యూనిట్లు, నీటిమట్టం మూడూ సచివాలయం బోర్డు మీద రాయించాలి. వచ్చే వేసవిలో బోర్లు అడుగంటక ముందే మా మండలంలో ఈ పని మొదలుపెట్టాలని గ్రామీణ నీటి సరఫరా అధికారులను కోరుతున్నాను.

– ఒక పాఠకుడు,
తలుపుల, శ్రీ సత్యసాయి జిల్లా